శంకరన్‌కి త్రిపుర ఉంది, మన వీఆర్వోకి?



మండపేటలో గ్రూప్స్‌కి చదివే పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న: "మాస్టారూ, పైవాళ్లు తప్పుడు పని చెయ్యమంటే కాదనొచ్చా? కాదంటే ఉద్యోగం ఉంటుందా?" జవాబు మన చరిత్రలోనే ఉంది. దాని పేరు ఎస్.ఆర్.శంకరన్.

1976లో పార్లమెంటు వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం చేసింది. తెలంగాణలో జీతగాడు అంటారు, మన వైపు పాలేరు అంటాం. అప్పు కింద కట్టుబడ్డ అలాంటి మనిషిని ఆ చట్టం విడిపించింది, అప్పునీ రద్దు చేసింది. చట్టాలు చాలా ఉన్నాయి, ఆచరించేవాడే కరువు. సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శిగా ఉన్న శంకరన్ దాన్ని పల్లెలకు తీసుకెళ్లారు. ఆయన దళితుడు కాదు. అయినా మీ బాకీ చెల్లిపోయిందని మనవాళ్లకి తెలియజెప్పడమే ఉద్యోగం అనుకున్నారు. భూస్వాములకి కంటగింపైంది.

1978లో ముఖ్యమంత్రి అయిన మర్రి చెన్నారెడ్డికీ ఇది నచ్చలేదు. జీతగాళ్లని రెచ్చగొడుతున్నారని తప్పుపట్టారు. శంకరన్ తగ్గలేదు. చివరికి సెలవు మీద వెళ్లాల్సి వచ్చింది.

ఇక్కడ కాస్త ఆగండి. ఆయన్ని డిస్మిస్ చెయ్యలేదు. రాజ్యాంగం 311వ అధికరణం విచారణ లేకుండా ఉద్యోగం తీసెయ్యనివ్వదు. కానీ బదిలీనీ, పోస్టింగు లేకుండా కూర్చోబెట్టడాన్నీ ఆపదు. కక్షసాధింపు ఎప్పుడూ ఈ సందులోంచే వస్తుంది.

శంకరన్‌ని త్రిపుర ముఖ్యమంత్రి నృపేన్ చక్రవర్తి పిలిచి ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిని చేశారు. మరి ఎస్సీల అసైన్డ్ భూమిని ఇంకొకరి పేర ఎక్కించనన్న వీఆర్వోని పిలిచే త్రిపుర ఎక్కడుంది?

1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టమే చూడండి. విధి నిర్వహణలో కావాలని నిర్లక్ష్యం చేసిన దళితేతర, గిరిజనేతర అధికారికి సెక్షన్ 4 జైలు అంటుంది. సదుద్దేశంతో పనిచేసినవాడిని సెక్షన్ 22 కోర్టు కేసుల నుంచి కాపాడుతుంది. బదిలీ నుంచి మాత్రం కాదు.

2013 అక్టోబర్ 31న టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసులో సుప్రీంకోర్టు దారి చూపింది. అధికారులు నోటిమాట మీద పనిచెయ్యకూడదు, మౌఖిక ఆదేశాన్ని రాతలో పెట్టాలి, ఒకచోట కనీస పదవీకాలం ఉండాలి అంది. రాత లేకపోతే సమాచార హక్కు చట్టం కింద మనకి దొరికేదేమీ ఉండదని కూడా గుర్తుచేసింది. తప్పుడు ఆదేశానికి సంతకం ఉండదు. సంతకం చేసి ఇరుక్కునేది కిందివాడే. ఆ కిందివాళ్లలో మనవాళ్లెందరో మీకు తెలుసు.

అందుకే పిల్లలకి నా జవాబు: కాదనొచ్చు. ముందు "రాసివ్వండి సార్" అనండి.

సంఘాలకి ఇంకో మాట. మన పక్షాన నిలబడ్డ ఉద్యోగి బదిలీ అయితే శాలువా కప్పి సాగనంపుతున్నాం. ఇకనుంచి శాలువాతోపాటు ఆ బదిలీ ఫైలు కోసం ఆర్టీఐ దరఖాస్తు కూడా వేద్దాం. ధైర్యం ఒక్కడిదే అయితే అది సెలవుతో ముగుస్తుంది. వెనక ఊరు ఉంటే బదిలీ చేసేవాడూ ఆలోచిస్తాడు.

జై భీమ్.