ధ్వని వేగాన్ని దాటించిన తోక: బెల్ ఎక్స్-1 ప్రయోగాలపై ఒక పరిశీలన

1947 అక్టోబర్ 14న కాలిఫోర్నియాలోని మ్యూరాక్ ఎడారి మీద అమెరికా వైమానిక దళ కెప్టెన్ చక్ యేగర్ బెల్ ఎక్స్-1 విమానంలో ధ్వని వేగాన్ని మించి ప్రయాణించాడు. ఈ విజయాన్ని సాధారణంగా రాకెట్ ఇంజన్ శక్తికీ పైలట్ తెగువకూ ఆపాదిస్తారు. ఆ రెండూ అవసరమే. అయితే అసలు చిక్కు విమానాన్ని అదుపులో ఉంచడంలో ఉందనీ, దాన్ని విప్పింది తోక నిర్మాణమేననీ ఈ వ్యాసం ప్రతిపాదన.

ధ్వని వేగానికి దగ్గరయ్యేకొద్దీ రెక్కల మీద, తోక మీద గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయి షాక్ తరంగాలు ఏర్పడతాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నిట్టనిలువుగా దూకిన యుద్ధ విమానాలు అదుపు తప్పడానికి కారణం ఇదే. 1946 సెప్టెంబర్‌లో బ్రిటిష్ పైలట్ జెఫ్రీ డి హావిలాండ్ తాను నడుపుతున్న డీహెచ్-108 విమానం గాలిలోనే ముక్కలవడంతో మరణించాడు. ధ్వని వేగం దాటరాని గోడ అన్న భయం బలపడింది ఇటువంటి ప్రమాదాల వల్లే.

ఎక్స్-1 మొండెం తుపాకీ గుండు ఆకారంలో ఉండేది. బీ-29 బాంబర్ కడుపు కింద వేలాడుతూ పైకి వెళ్లి, అక్కడ విడివడి, నాలుగు గదుల రాకెట్ ఇంజన్‌ను మండించుకునేది. అక్టోబర్ 14కు ముందు జరిపిన ఒక ప్రయోగంలో, మాక్ 0.94 దగ్గర, అంటే ధ్వని వేగంలో 94 శాతం వద్ద, యేగర్ నియంత్రణ దండాన్ని వెనక్కి లాగితే విమానం ముక్కు కదలలేదు. షాక్ తరంగం సరిగ్గా ఎలివేటర్ (తోక అడ్డరెక్క వెనుక అంచున కదిలే పలక) కీలు దగ్గర నిలవడంతో ఆ పలక పనికిరాకుండా పోయింది. ప్రయోగాలు అక్కడితో ఆగిపోయే పరిస్థితి. అప్పుడు ఇంజనీర్ జాక్ రిడ్లీ, ఎలివేటర్‌ను వదిలి తోకలోని అడ్డరెక్క మొత్తాన్నీ కొద్దికొద్దిగా కదిలించి చూడమన్నాడు. ఆ సదుపాయం విమానంలో ముందే ఉంది. అమెరికా ప్రభుత్వ విమానయాన పరిశోధన సంస్థ నాకా పరిశోధకుల దూరదృష్టి అది.

అక్టోబర్ 14న, విరిగిన పక్కటెముకలతో కూర్చున్న యేగర్ అదే పద్ధతిని అనుసరించాడు. సుమారు 43,000 అడుగుల ఎత్తున మాక్ మీటర్ ముల్లు ఊగిసలాడి కొలబద్దను దాటేసింది. లెక్కల్లో తేలిన వేగం మాక్ 1.06.

యేగర్ కంటే ముందే జర్మన్ పైలట్ ముట్కే, అమెరికన్ పైలట్ జార్జ్ వెల్చ్ ధ్వని వేగాన్ని దాటారన్న వాదనలున్నాయి. ఎక్స్-1 మోసుకెళ్లిన పరికరాలు నమోదు చేసినంత నమ్మదగిన కొలతలు ఆ వాదనల వెనుక లేవు కనుక వాటిని అంగీకరించలేం.

తర్వాత ఎఫ్-86ఈ సేబర్‌తో మొదలై, మొత్తంగా కదిలే తోక సూపర్‌సానిక్ యుద్ధ విమానాల్లో మామూలైపోయింది. 1947 సంవత్సరానికి విమానయాన పురస్కారమైన కాలియర్ ట్రోఫీని మాత్రం యేగర్, విమానాన్ని తయారుచేసిన బెల్ సంస్థ అధినేత లారెన్స్ బెల్, నాకా శాస్త్రవేత్త జాన్ స్టాక్ పంచుకున్నారు. నాలుగో పేరుగా రిడ్లీ అందులో ఉండవలసింది.