సల్ఫా సంతానం

గాజుగొట్టంలో వేస్తే ఆ ఎర్ర పొడి ఒక్క బాక్టీరియానూ చంపలేదు. అదే పొడి ఇచ్చిన ఎలుకలు మాత్రం చావవలసిన ఇన్ఫెక్షన్ నుంచి తేరుకున్నాయి. 1932 చివర్లో జర్మనీలోని ఎల్బర్‌ఫెల్డ్‌లో, బేయర్ ప్రయోగశాలలో గెర్హార్డ్ డోమాక్ ముందున్న చిక్కు ఇది.

ఆ పొడి అద్దకపు రంగుల జాతికి చెందింది. రంగు కొన్ని కణాలను పట్టుకుని కొన్నింటిని వదిలేస్తుంది కదా, రోగక్రిమిని మాత్రమే పట్టుకుని చంపే రంగు దొరకదా అని అంతకు ముందు తరంలో పాల్ ఎర్లిక్ వెతుకులాట మొదలుపెట్టాడు. ఎల్బర్‌ఫెల్డ్‌లో జరిగింది దాని కొనసాగింపే. అణువులను తయారుచేసింది యోసెఫ్ క్లారర్, ఫ్రిట్జ్ మీచ్ అనే రసాయన శాస్త్రవేత్తలు, పరీక్షించింది డోమాక్. 1939 నోబెల్ డోమాక్ ఒక్కడికే ప్రకటించారు, దాన్నీ హిట్లర్ ప్రభుత్వం పుచ్చుకోనివ్వలేదు. 1947లో పతకం చేతికొచ్చింది గానీ డబ్బు రాలేదు. అణువును కట్టినవాళ్ల పేర్లు వెనకబడిపోవడం మందుల చరిత్రలో మామూలే.

ప్రోంటోసిల్ అనే ఈ మందు గుట్టును 1935లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ విప్పింది. ఒంట్లోకి వెళ్లాక ఆ అణువు రెండుగా విరుగుతుంది. రంగునిచ్చే అమరిక అక్కడితో పోతుంది. మిగిలిన రంగులేని ముక్క, సల్ఫానిలమైడ్, అదే అసలు మందు. గాజుగొట్టంలో విరిచేవాళ్లు లేరు కాబట్టి అక్కడ పనిచేయలేదు. తమాషా ఏమిటంటే, సల్ఫానిలమైడ్‌ను పాల్ గెల్మో వియన్నాలో 1908లోనే తయారుచేశాడు. దాని పేటెంటు గడువు కూడా తీరిపోయింది. ఇక ఎవరైనా తయారుచేసుకోవచ్చు.

తయారుచేశారు కూడా. 1937లో ఒక అమెరికన్ కంపెనీ, తాగడానికి వీలుగా ఉంటుందని దాన్ని డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి అమ్మింది. వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలు చాలామంది. చంపింది మందు కాదు, కరిగించిన ద్రవం. అమ్మేముందు మందు ప్రమాదం లేనిదని చూపించాలన్న 1938 నాటి అమెరికా చట్టం ఆ చావుల మీదే నిలబడింది. 2022లో గాంబియాలో పిల్లల ప్రాణాలు తీసిన సిరప్‌లలో దొరికిన కల్తీల్లో ఒకటి ఆ ద్రవమే.

సల్ఫా అని పొట్టిగా పిలిచే ఈ మందు ఎలా పనిచేస్తుందో 1940లో డొనాల్డ్ వుడ్స్ పట్టుకున్నాడు. బాక్టీరియాకు బతకడానికి, పెరగడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. దాన్ని అది సొంతంగా తయారుచేసుకుంటుంది. అందుకు కావాల్సిన పాబా అనే పదార్థం ఆకారంలో సల్ఫానిలమైడ్‌కు కవలపిల్ల. ఎంజైమ్ ఒకదాన్ని చూసి మరొకటనుకుంటుంది, పని ఆగిపోతుంది. మన శరీరం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసుకోదు. ఆకుకూరలు, పప్పుల్లోంచి తీసుకుంటుంది. అందుకే దెబ్బ క్రిమికే తగిలి మనం బయటపడతాం. ఔషధ రసాయనశాస్త్రాన్ని ఒక్క ఉదాహరణతో చెప్పమంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

ఆ ఫోలిక్ యాసిడ్‌ను 1945లో కృత్రిమంగా తయారుచేసి చూపింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లే ప్రయోగశాల బృందం, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో. ఆ అణువునే కాస్త మార్చి అమినోప్టెరిన్‌ను తీసుకొచ్చారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని ల్యూకేమియా పిల్లలకు ఇచ్చి, జబ్బు కొంతకాలమైనా వెనక్కి తగ్గుతుందని 1948లో ప్రకటించాడు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను ఇవాళ క్యాన్సర్‌కూ, కీళ్లవాతానికీ వాడుతున్నారు. బోదకాలు నివారణకు మన ఊళ్లలో పంచే డీఈసీ మాత్ర కూడా సుబ్బారావు బృందం పనే.

సల్ఫా కుటుంబం అక్కడితో ఆగలేదు. 1942లో ఫ్రాన్సులోని మాంట్‌పెలియేలో టైఫాయిడ్ రోగులకు మార్సెల్ జాన్‌బాన్ ఒక కొత్త సల్ఫా ఇస్తే కొందరికి రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయింది. ఆగస్ట్ లూబాటియే కుక్కల మీద ప్రయోగాలు చేసి, క్లోమం తీసేస్తే ఆ మందు పనిచేయదని చూపాడు. అంటే క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తోందన్నమాట. నేటి షుగర్ మాత్ర గ్లిమిపిరైడ్‌కు మూలం ఆ దుష్ప్రభావమే. సల్ఫానిలమైడ్ వాడినవాళ్లలో మూత్రం మారడం గమనించి, 1949లో విలియం ష్వార్ట్జ్ ఒంటికి నీరు పట్టిన గుండెజబ్బు రోగులకు దాన్నే ఇచ్చి చూశాడు. నీరు దిగింది. ఆ దారిలోనే థయజైడ్‌లు, ఆ తర్వాత లాసిక్స్‌గా మనకు తెలిసిన ఫ్యూరోసెమైడ్ వచ్చాయి.

మరి వీటిని ఏ అరలో పెట్టాలి? రసాయన శాస్త్రవేత్తకు అన్నీ సల్ఫోనమైడ్‌ సంతానమే. మందుల షాపతనికి ఒకటి యాంటీబయాటిక్, ఒకటి షుగర్ మాత్ర, ఒకటి నీటి మాత్ర. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే ఏటీసీ పద్ధతి మందులను మొదట పనిచేసే అవయవాన్ని బట్టి 14 గుంపులు చేసి, ఆ తర్వాత చికిత్సను, చివరి మెట్లలో రసాయన నిర్మాణాన్ని చూస్తుంది. అందులో సల్ఫా యాంటీబయాటిక్ ‘జె’లో, నీటి మాత్ర ‘సి’లో, షుగర్ మాత్ర ‘ఎ’లో ఉంటాయి. నీటి మాత్రగా మొదలైన అసిటజోలమైడ్ గ్లకోమాకు వాడతారు కాబట్టి కళ్ల మందులతో పాటు ‘ఎస్’లోకి వెళ్లింది. ఆస్పిరిన్‌కైతే ఒకటికి మించి కోడ్‌లున్నాయి: నొప్పికి ఒకటి, రక్తం గడ్డకట్టకుండా ఒకటి.

ఈ వర్గీకరణ పుస్తకాలకే పరిమితం కాదు. ‘నాకు సల్ఫా పడదు’ అని చెప్పే రోగికి గుండెజబ్బు వస్తే ఫ్యూరోసెమైడ్ ఇవ్వొచ్చా? యాంటీబయాటిక్ సల్ఫాల్లో బెంజీన్ వలయానికి సల్ఫా గుంపుకు ఎదురు కొసన, వేరే దేనికీ అతుక్కోని ఒక విడి అమైన్ ఉంటుంది. ఎలర్జీకి ముఖ్యంగా దాన్నే అనుమానిస్తారు. ఫ్యూరోసెమైడ్‌కు, గ్లిమిపిరైడ్‌కు ఆ చోట అలాంటి విడి అమైన్ లేదు. అందువల్ల ఒకటి పడనివాళ్లకు రెండోది కూడా పడకపోవడం అరుదు, అలాగని అసలు ఉండదనీ కాదు. డాక్టర్లు ‘ఏ మాత్ర వేసుకున్నారు, దద్దుర్లొచ్చాయా, ఊపిరాడలేదా, ఎన్నాళ్లయింది’ అని గుచ్చి గుచ్చి అడిగేది అందుకే.