సీతమ్మ కథ చదివిన ఊరు

మొన్న ఊరికెళ్ళినప్పుడు మా అక్క కూతురికి ఒక బొమ్మల పుస్తకం పట్టుకెళ్ళాను. మాది అచ్చంపేట పక్కన చిన్న పంచాయతీ. పుస్తకంలో స్కూల్లో లీడర్ ఎన్నిక, చీటీలు, డబ్బా, చివరికి రెండు జడల అమ్మాయి గెలుస్తుంది. మూడో తరగతి పిల్ల, గడగడా చదివేసి ఒకటే అడిగింది. "మరి మనూర్ల సర్పంచమ్మ గెలిస్తె, కుర్చీల ఆయనెందుకు కూసుంటడు మామా?"

ఏం చెప్పను! 1993లో 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చి పంచాయతీల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకిచ్చింది. 2018 తెలంగాణ చట్టం ప్రకారం అది సగం. సంతకం ఆమెది, పెత్తనం ఆయనది. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే లాగిన్ ఒకరిది, పాస్‌వర్డ్ ఇంకొకరి దగ్గర.

ఈ జబ్బు పాతదే. 1951-52 తొలి ఎన్నికల ఓటర్ల జాబితా తయారుచేసేటప్పుడు చాలామంది ఆడవాళ్ళు తమ పేరే చెప్పలేదు. ఫలానా ఆయన భార్య, ఫలానా ఆయన తల్లి అని రాయించుకున్నారు, ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల్లో. అలా కుదరదన్నాడు ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్. దాదాపు 28 లక్షల మంది ఓటు పోయింది. నేమ్ ఫీల్డ్ మ్యాండేటరీ అన్నమాట. నాకైతే ఆయన చేసింది రైటే అనిపిస్తుంది, పాపం ఆ ఒక్కసారికి నష్టపోయారు గానీ.

సరే, పుస్తకం చదివితే లోకం మారుతుందా అని మీరు నవ్వొచ్చు. నేనూ నవ్వేవాణ్ణే, దూబగుంట గురించి చదివేదాకా.

మన నల్లమలకి అవతల, నెల్లూరు జిల్లాలో ఉందా ఊరు. 1991లో ఆ జిల్లాలో అక్షరదీపం పేరుతో పెద్ద ఎత్తున సాక్షరతా ఉద్యమం నడిచింది. పగలంతా కూలికెళ్ళొచ్చిన ఆడవాళ్ళు రాత్రిపూట పలకా బలపం పట్టుకుని కూర్చునేవాళ్ళు. వాళ్ళ వాచకంలో "సీతమ్మ కథ" అని ఒక పాఠం. తాగుబోతు మొగుడితో వేగలేక ప్రాణం తీసుకున్న ఇల్లాలి కథ. మామూలుగా పాఠం అయ్యాక ప్రశ్నలకి జవాబులు రాసి ఇంటికి పోతాం కదా. వీళ్ళు మాత్రం ఈ సీతమ్మ మనూళ్ళో కూడా ఉంది కదా అని మాట్లాడుకున్నారు. మాట్లాడుకుని, వెళ్ళి సారా అమ్మకం ఆపించారు! వర్ధినేని రోశమ్మ పేరు అలా బయటికొచ్చింది. ఆ తర్వాత వాళ్ళు చేసిన పనే "ఆడవాళ్ళు ఏకమైతే" అని ఇంకో పాఠమైంది, అది చదివి పక్క ఊళ్ళు కదిలాయి. ఒక పాఠం ఊరిని కదిపింది, ఆ ఊరు మళ్ళీ పాఠమైంది. ఇంతకంటే మంచి ఫీడ్‌బ్యాక్ లూప్ నేనెక్కడా చూడలేదు.

1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్. 1994 ఎన్నికల్లో మద్యనిషేధం ఎన్టీఆర్ ప్రధాన హామీల్లో ఒకటి, 1995 జనవరిలో అమలు కూడా చేశారు. 1997లో ఎత్తేశారనుకోండి, అది వేరే కథ.

మా మేనకోడలి పుస్తకంలో లేనిదేమిటో నాకప్పుడు అర్థమైంది. ఆ రెండు జడల పిల్లకి ఊరు లేదు. ఆమెని ఆపే మనిషి కూడా ఒక్కడు లేడు. సీతమ్మ కథలో ఇద్దరూ ఉన్నారు.

అలాగని మాకు మనుషులు కరువా? పక్కనే వనపర్తి. అక్కడి రాణి కుముదినీదేవి 1962లో వనపర్తి నుంచి ఎమ్మెల్యే అయ్యారు, హైదరాబాదుకి మొదటి మహిళా మేయరూ ఆవిడే. రాణి కాబట్టి గెలిచారంటారా, కొంత నిజమే. కానీ కుష్ఠు రోగుల్ని ఊళ్ళోకి రానివ్వని రోజుల్లో, 1958లో, వాళ్ళ కోసం కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రం పెట్టారు. దానికి రాచరికం ఒక్కటే సరిపోదు కదా. రోజూ ఆ కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో గంటసేపు తిట్టుకుంటూ కూర్చునే మనలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? నాకైతే తెలీదు, చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు.

దసరాకి మళ్ళీ ఊరెళ్తున్నాను. రోశమ్మ మీద గానీ కుముదినీదేవి మీద గానీ ఎనిమిదేళ్ళ పిల్ల చదివే బొమ్మల పుస్తకం మీకెక్కడైనా కనిపిస్తే చెప్పండి. లేకపోతే మా అక్క కూతురి స్కెచ్ పెన్నులు అరువు తీసుకుని నేనే మొదలుపెట్టాలి. నాకు బొమ్మలు రావు, అదొక్కటే చిక్కు.