కథలలోని యంత్రపురుషులు: దేహలక్షణములు, చేష్టలు

యంత్రపురుషులను గూర్చిన కథలను పరిశీలించువారు సామాన్యముగా రెండు ప్రశ్నలతో తృప్తి చెందుచుందురు. ఆ బొమ్మ మనిషిని ఎంతవరకు పోలియున్నది? దాని నిర్మాణము శాస్త్రమునకు సరిపడునా? మాకు మూడవ ప్రశ్న యొకటి ముఖ్యముగా తోచుచున్నది. కథలోని తక్కిన పాత్రలు దానిని మనిషియని భ్రమించుటకు గాని, బొమ్మయని గుర్తించుటకు గాని కారణమైన లక్షణ మేది? కాలుసేతులు, కన్నుముక్కులు ఇంచుమించు అన్ని కథలలోను ఉన్నవే. వానివలన తగవు పుట్టలేదు. తగవు పుట్టినది తరచుగా పనికి అక్కరలేని యొక చిన్న చేష్టవద్ద: ఒకచోట కనుగీటు, ఒకచోట ఆవులింత, మరియొకచోట పండ్లు కొరుకుట. ఆ చేష్ట యేదో చూచినచో ఆ కథ చెప్పినవారు మనుష్యత్వమును ఎచ్చట నిలిపిరో కొంత తెలియును.

క్రీ.శ. 285లో ధర్మరక్షుడను బౌద్ధభిక్షువు చీనాభాషలోనికి పరివర్తించిన జాతకసంపుటిలో ఒక శిల్పి కథ కలదు. అతడు కొయ్యతో ఒక మనిషిని చేసి, తన కుమారుడని చెప్పి, రాజు నెదుట ఆడించి పాడించెను. ఆటలో ఆ బొమ్మ రాణివైపు చూచి కన్ను గీటెను. రాజు కోపించి తల నరుకుమనెను. శిల్పి ఏడ్చి, తన బిడ్డను తానే చంపుకొందునని బతిమాలి, భుజముననున్న చీల యొకటి ఊడబెరికెను. బొమ్మ ముక్కలై నేల రాలెను. ఆటపాటలు రాజునకు వినోదమే. కనుగీటు మాత్రము అపరాధమైనది. ఏలయన ఆటపాటలు రాజు కోరినవి, కనుగీటు ఎవరును కోరనిది. కోరనిదానిని చేసినవాడు మనిషియే యని రాజు అనుమానములేక నిశ్చయించుకొనెను.

చీనాదేశపు 'లియెజు' గ్రంథమున ఇట్టి కథయే చౌ వంశీయుడైన మూ రాజునకు అంటగట్టబడినది. అందు బొమ్మ కన్నుగీటినది రాజుగారి ఉంపుడుకత్తెలకు. శిల్పి వెంటనే దానిని విప్పి చూపగా తోలు, కొయ్య, జిగురు, లక్క, రంగులు బయటపడినవి. లోపల గుండె, కాలేయము, మూత్రపిండములు మొదలగునవన్నియు కృత్రిమములే అయినను లోటులేక అమరియున్నవట. రాజు పరీక్షించెను. గుండె తీయగా నోరు పలుకలేదు. కాలేయము తీయగా కన్ను చూడలేదు. మూత్రపిండములు తీయగా కాలు నడువలేదు. ఇది కథకుని విచిత్రకల్పన కాదు. కాలేయము కంటికిని, గుండె నాలుకకును మూలమని చీనావైద్యము చెప్పుచున్నది. అనగా ఆ బొమ్మ దేహము నాటి వైద్యగ్రంథముననుసరించి కట్టబడినది. ఈ రెండు కథలలో బౌద్ధకథయే మూలమని కొందరు పండితుల మతము. దానిని త్రోసిపుచ్చుటకు కారణము మాకు కనబడదు.

మన దేశపు వాఙ్మయమున ఈ విషయమునకు గొప్ప నిధి సోమదేవుని కథాసరిత్సాగరము. అది 11వ శతాబ్దిని కాశ్మీరమున వెలసినదే యైనను, దాని మాతృక గుణాఢ్యుని బృహత్కథ. గుణాఢ్యుని సంప్రదాయము శాతవాహనరాజు ఆస్థానముతో ముడిపెట్టుచున్నది గావున ఆ కథలయందు ఆంధ్రులమైన మనకు కొంత చుట్టరికము కలదు. నరవాహనదత్తుడు కర్పూరికను వెదకుచు పోవుచు దారిలో ఒక నగరము ప్రవేశించును. అంగళ్లలో వర్తకులు, వీథులలో స్త్రీలు, పౌరులు, అందరును జీవమున్నవారివలెనే కదలుచున్నారు. అందరును కొయ్యబొమ్మలే. పలుకు లేకపోవుటచేతనే అతడు వారిని నిర్జీవులని గుర్తించెను. ఆ నగరమున ప్రాణి యొక్కడే: రాజ్యధరుడను వడ్రంగి. కాంచీపురమునుండి పారిపోయి వచ్చి, ఒంటరితనము భరింపలేక మరప్రజలను చేసికొని, సింహాసనమెక్కి కూర్చున్నాడు.

ఈ ప్రజలు మాటాడకపోవుట శిల్పి అసమర్థతగా కొందరు భావింపవచ్చును. మేము అంగీకరింపజాలము. అదే గ్రంథమున, అంతకు ముందే, మయుని కూతురు సోమప్రభ తన చెలికత్తె కళింగసేనకు బుట్టెడు మరబొమ్మలు తెచ్చి చూపును. చీల నొత్తగా ఒకటి ఆకాశమున పోయి పూలదండ తెచ్చినది, ఒకటి నీరు తెచ్చినది, ఒకటి ఆడినది, ఒకటి సంభాషించినది. యంత్రములు పంచభూతములననుసరించి ఐదు తెఱగులని, స్పష్టముగ పలుకునది ఆకాశయంత్రమని ఆమెయే వివరించును. శబ్దము ఆకాశగుణమను శాస్త్రమునకు ఇది సరిగా అతికినది. రాజ్యధరుడును మయవిద్య నేర్చినవాడే. కావున పలుకు బొమ్మ సోమదేవునకు ఊహకందనిది కాదు. రాజ్యధరుని పౌరులు మూగలైనది కథకు అది కావలసియుండుటచేత. పలికిన ప్రజ ఉన్నచో ఆ వడ్రంగి నిజముగా రాజై కూర్చుండును. అతని ఒంటరితనము తీరిపోవును.

అదే శతాబ్దివాడగు ధారానగరపు భోజుని సమరాంగణసూత్రధారమున యంత్రాధ్యాయ మొకటి కలదు. అందు కొయ్య అంగములను చీలలతో సంధించి పైన తోలు కప్పుట, అట్టి బొమ్మలచే నమస్కరింపజేయుట, అద్దము చూపించుట, వీణ మీటించుట చెప్పబడినవి. అవన్నియు కొలువునకు పనికివచ్చు చేష్టలు. శిల్పశాస్త్రము కనుగీటును విధింపలేదు. అది కథకుల సొత్తు.

ఐరోపాకు పోవుదము. అచ్చట 18వ శతాబ్దిలో గడియారపు పనివారు నిజమైన మరబొమ్మలను సభలలో ప్రదర్శించిరి. కావున కథలలోని భయమును మారినది. జర్మను రచయిత హాఫ్‌మన్ 1816లో వెలువరించిన 'ఇసుకమనిషి' కథలో నథానియెల్ అను విద్యార్థి ఒలింపియా అను బొమ్మను ప్రేమించును. ఆమె చేయి చల్లన; తాళము తప్పని నృత్యము; మాటకు బదులు ఒక నిట్టూర్పు. తాళము తప్పకపోవుటయే ఇతరులకు వెగటు పుట్టించినది. గుట్టు బయటపడిన పిమ్మట ఒక పెద్దమనిషి వివరించునది మిక్కిలి రుచ్యముగా నున్నది: ఆమె ఆవులించుటకంటె ఎక్కువగా తుమ్మెడిదట, ఆ తుమ్ము లోని మర తన్ను తాను బిగించుకొను చప్పుడట. అప్పటినుండి ఆ ఊరి తేనీటివిందులలో అందరును విరివిగా ఆవులించిరట, ఎవరును తుమ్మలేదట. ప్రియులు తమ ప్రియురాండ్రను కొంచెము తాళము తప్పి పాడుమని కోరిరట. పూర్వకథలలో మనిషివలె ప్రవర్తించి బొమ్మ చిక్కున పడెను. ఇచ్చట మనుష్యులే తాము బొమ్మలు కామని రుజువు చేసికొనవలసివచ్చెను.

'రోబో' అని నేడు తెలుగున వాడుకయైన మాటకు మూలము చెక్ రచయిత కారెల్ చాపెక్ నాటకము 'ఆర్.యు.ఆర్.' అది 1920లో అచ్చయి, 1921 జనవరి 25న ప్రేగు జాతీయరంగస్థలమున ప్రదర్శింపబడినది. మాటను సూచించినవాడు అతని అన్న యోసెఫ్ అని చాపెకే చెప్పియున్నాడు. 'రొబొత' యనగా రైతులు దొరలకు చేయవలసిన వెట్టి. మన 'వెట్టివాడు' అను మాట దీనికి చాల దగ్గర. అతని రోబోలు ఇనుపబొమ్మలు కావు. తొట్లలో కలిపిన ముద్దతో కాలేయములు, మెదళ్లు, మిల్లులో వడికిన నరములు గలవి. వృద్ధుడైన రోసుమ్ మనిషిని ఉన్నదున్నట్లు చేయబూనెను. ఇంజనీరైన చిన్న రోసుమ్ పనికి అక్కరలేనివన్నియు తీసివైచెను. సంతోషము, వాద్యము వాయించు కోరిక, షికారు, ఇవి మగ్గమునొద్ద దండుగ గదా!

తీసివైచినది ఎట్లు తిరిగివచ్చినదో చెప్పుటయే ఆ నాటకము. అప్పుడప్పుడు ఒక రోబో చేతిలోని పని పారవైచి, నిలుచుండి, పండ్లు పటపట కొరుకును. కార్మాగారాధికారి డోమినునకు అది యంత్రదోషము. అట్టిదానిని నుగ్గుచేయుటకు పంపుదురు. హెలెనాకు అది ఆత్మ. చేష్ట యొక్కటే, పేర్లు రెండు. ఏ పేరు పెట్టవలెనో నిర్ణయించు అధికారము మాత్రము యజమానిది. పిమ్మట డాక్టరు గాల్ రోబోలకు నొప్పి కలిగింపదలచును. దయచేత కాదు. నొప్పి తెలియని రోబో యంత్రములో చేయిపెట్టి విరుగగొట్టుకొనుచున్నది, కంపెనీకి నష్టము. మేము చదివిన యంత్రకథలలో ఇంత కఠినమైన ఘట్టము మరియొకటి లేదు. మనుష్యదేహమున మిక్కిలి అంతరంగమైన అనుభవము సొత్తు కాపాడుకొను సాధనముగా ప్రవేశించుచున్నది. తరువాత హెలెనా కోరికపై గాల్ వారి స్వభావమును ఇంకను మార్చెను. వారు తిరుగబడి మనుష్యులను చంపిరి. చేతులతో పనిచేయువాడని ఆల్క్విస్టు నొక్కని మిగిల్చిరి. చివరి అంకమున నిద్రించుచున్న ఆ వృద్ధుని మేల్కొల్పినది రోబోపిల్ల నవ్వు. మనిషి నవ్వు వినబడెనే యని అతడు ఉలికిపడెను. కోసి పరీక్షింతునని బెదిరింపగా వారిరువురిలో ప్రతివారును రెండవవారి స్థానమున తాము చచ్చుటకు సిద్ధపడిరి. పరీక్ష ముగిసినది, కత్తి అక్కరలేకపోయినది.

అసిమోవ్ 1954 నాటి నవలలోని డేనియల్ అను యంత్రగూఢచారి నలుగురిలో భోజనము చేయును. తిన్నది లోపలి సంచిలో చేరగా దానిని తరువాత ఖాళీ చేయవలెను. ఇది వేషము మాత్రమే. 1976లో అతడే వ్రాసిన కథలో ఆండ్రూ అను యంత్రము ఒక్కొక్క అవయవమును సంపాదించుకొని, తుదకు మరణమును కూడ అడిగి తెచ్చుకొన్నది. అది లేనిదే న్యాయస్థానమును లోకమును దానిని మనిషియని ఒప్పలేదు.

తెలుగుదేశమున 2010లో 'రోబో' పేర విడుదలయైన శంకర్ గారి తమిళచిత్రపు అనువాదమును ఈ వరుసలో చేర్చుటకు మేము సందేహింపము. అందు చిట్టి అను యంత్రము స్నానము చేయుచున్న బాలికను మంటలనుండి రక్షించి, వివస్త్రగానే నలుగురి నడుమకు తెచ్చును. ఆమె సిగ్గుచే పరుగెత్తి మరణించును. ఇచ్చట లోపించిన లక్షణము పలుకు కాదు, నొప్పి కాదు, సిగ్గు. చిట్టికి పిదప భావములు నేర్పిరి. ప్రేమించుట, అసూయపడుట దానితోనే వచ్చినవి. కడపట న్యాయస్థానపు ఆజ్ఞపై దానిని విడగొట్టవలసివచ్చెను. ధర్మరక్షుని కథలో భుజపు చీల ఊడబెరికినది శిల్పి. ఇచ్చట చిట్టి తన అంగములను తానే ఒక్కొక్కటిగా ఊడదీసికొన్నది.