బదులు వేషం

అమెరికా కాలేజీల ఫుట్‌బాల్ తగాదా మనకెందుకండీ అంటారు కదూ? మా చెల్లెలి కొడుకు ఫ్లోరిడాలో చదువుకుంటున్న రోజుల్లో ఆ తగాదా సముద్రాలు దాటి మా భోజనాల బల్ల దాకా వచ్చింది.

పేరు ఫుట్‌బాలే గాని, బంతి ఎక్కువసేపు చేతుల్లోనే ఉంటుంది. అది అలా ఉంచండి. అక్కడ జట్లు వందకు పైచిలుకు. అందరూ అందరితో ఆడటం కుదరదు. అందుకని చాలాకాలం పత్రికలవాళ్ళూ, కోచ్‌లూ వేరువేరుగా ఓట్లు వేసి ఛాంపియన్‌ని తేల్చేవారు. 1997లో ఒకరి లెక్కన మిషిగన్, మరొకరి లెక్కన నెబ్రాస్కా గెలిచాయి. ఒకే పీటల మీద ఇద్దరు పెళ్ళికొడుకులన్నమాట! ఆ తర్వాత కంప్యూటర్లనీ లెక్కల్లోకి దింపారు. అదీ నచ్చక, 2014 నుంచి 13 మంది కమిటీ కూచుని నాలుగు జట్లను ఏరడం మొదలెట్టింది.

2023లో ఫ్లోరిడా స్టేట్ జట్టు ఆడిన 13 ఆటలూ గెలిచింది. కాని నవంబరులో వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ కాలు విరిగింది. క్వార్టర్‌బ్యాక్ అంటే నాటకంలో హరిశ్చంద్రుడి వంటివాడు. ఆట అంతా అతని చేతి మీదుగానే నడవాలి. అతను లేకుండానే తక్కిన రెండు ఆటలూ గెలిచారు. బదులు వచ్చిన కుర్రాడికీ దెబ్బ తగిలితే చివరిదానికి మూడోవాణ్ణి దింపి మరీ గెలిచారు. అయినా కమిటీ వాళ్ళను పక్కన పెట్టి, ఒక ఆట ఓడిపోయిన అలబామాకు పీట వేసింది. ముఖ్య ఆటగాడు లేని లోటును లెక్కలోకి తీసుకోవచ్చని నిబంధనల్లో ఉంది లెండి. నిబంధన ఉన్నంతమాత్రాన న్యాయమవుతుందా?

నాకు వెంటనే బాపట్ల గుర్తొచ్చింది. 1920లో అక్కడ హరిశ్చంద్ర నాటకం. చంద్రమతి వేషధారి రాలేదు. ఇరవై ఏళ్ళు నిండని కుర్రాడొకడు బదులుగా చీర కట్టి రంగమెక్కాడు. ఆయనే స్థానం నరసింహారావు! తెనాలి శ్రీరామ విలాస సభలో చేరి, సత్యభామగా, చిత్రాంగిగా ఆంధ్రదేశాన్ని ఊపేసి, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. మా అత్తగారి పుట్టిల్లు రేపల్లె. తెనాలిలో స్థానంవారి నాటకం ఉందంటే వాళ్ళ నాన్నగారు పనులన్నీ మానుకుని రైలెక్కేవారట. ఆనాడు బాపట్లలోనూ 13 మంది కూచుని, "చంద్రమతి లేదు, ఈ కుర్రాడితో ఏం రక్తి కడుతుంది, తెర దించెయ్యండి" అనుంటే?

మావారు ఒప్పుకోలేదు. "ఆ తర్వాత వేరే పోటీలో జార్జియా చేతిలో 63–3తో చిత్తయ్యారుగా, కమిటీ అన్నదే నిజమైంది" అన్నారు. నిజమే, ఓడారు. కాని మనసు విరిగి జట్టులో చాలామంది ఆ ఆటకే దిగలేదు. చిన్నబుచ్చి పంపేశాక పాట పాడలేదని తప్పుపడితే ఎలా?

ఆ మాటకొస్తే అందరికీ తెర లేపడమూ సాధ్యం కాదు. 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది మన తెనాలిలోనే. వచ్చిన ప్రతి సమాజానికీ రంగం ఇవ్వాలంటే ఏ పోటీకైనా రాత్రులు చాలవు. ఎవరో ఒకరు ముందుగా ఏరాల్సిందే. ఏరేవాళ్ళు జరిగినదాన్ని చూసి ఏరాలి గాని, జరగబోయేది ఊహించి కాదని నా వాదన.

2024లో నాలుగు విస్తళ్ళను పన్నెండు చేశారు. ఆ ఏడు గుమ్మం బయట నిలబడి గొడవపెట్టిన వాళ్ళలో అలబామా కూడా ఉంది!