రైలు తప్పిన గురువు, హడగలిలో పుట్టిన శిష్యుడు



2023లో సి.ఆర్. రావు గారికి ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టు 22న, 102 ఏళ్ల వయసులో, అమెరికాలో కన్నుమూశారు. అప్పుడు మనవాళ్లంతా "మనవాడు, మనవాడు" అన్నాం. తప్పేమీ లేదు. 1920 సెప్టెంబరు 10న ఆయన పుట్టింది హూవిన హడగలిలో. అప్పట్లో అది మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్లారి జిల్లా, ఇప్పుడు కర్ణాటక. తెలుగు ఇల్లు, కన్నడ ఊరు. మనలాంటి వాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. ఎనిమిదో సంతానం కనుక కృష్ణుడి పేరు పెట్టారు: రాధాకృష్ణ. తెల్లవారుజామున నాలుగింటికి నిద్ర లేపి, నూనె దీపం వెలిగించి చదివించిన తల్లికి తర్వాత ఒక పుస్తకం అంకితం ఇచ్చుకున్నారు.

కానీ ఈ మనవాణ్ణి మనిషిగా నిలబెట్టింది ఎవరు? తెలుగు ముక్క రాని ఒక బెంగాలీ. ఈ సంగతి మనం చెప్పుకోం. అందుకే రాస్తున్నాను.

ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1893లో కలకత్తాలో పుట్టారు. 1913లో ఇంగ్లండు వెళ్లినప్పుడు కేంబ్రిడ్జి చూడటానికి పోయి, కింగ్స్ కాలేజీ చర్చి చూస్తూ లండన్ తిరుగు రైలు తప్పిపోయారట. ఆ రాత్రి అక్కడే ఉండి, చివరికి ఆ కాలేజీలోనే చేరారు. రైల్వేలో పనిచేసినవాణ్ణి, రైలు తప్పితే మేలు జరిగిన కథ నాకు ఇదొక్కటే తెలుసు! అక్కడ మన మద్రాసు రామానుజన్‌తో స్నేహమైంది. తిరిగొచ్చాక, 1931లో ప్రెసిడెన్సీ కాలేజీలోని ఒక గదిలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టారు.

రావు గారు 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. పూర్తి చేశారు. యుద్ధకాలం. మిలిటరీ సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు, దొరకలేదు. అక్కడ పరిచయమైన ఒకాయన ఈ ఇన్‌స్టిట్యూట్ గురించి చెప్పారు. 1941 జనవరి 1న చేరారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు.

ప్రొఫెసర్ చేసే పని ఏమిటో మా గూడ్స్ షెడ్డు భాషలో చెబుతాను. సరుకు ఎలా ఉందో చూడాలంటే మూటలన్నీ విప్పం. అక్కడొకటి ఇక్కడొకటి విప్పి చూస్తాం. ఏ మూట విప్పాలో మన ఇష్టానికి వదిలేస్తే మోసం జరుగుతుంది. లెక్క ప్రకారం ఎంచుకుంటే కొన్ని మూటలతోనే మొత్తం సంగతి తెలుస్తుంది. బెంగాల్ జనుము పంటను ఆయన ఇలాగే అంచనా కట్టారు. దేశమంతటి నేషనల్ శాంపిల్ సర్వే 1950లో అలా పుట్టిందే.

ఇంకొకటి, 'మహలనోబిస్ దూరం'. రెండు జనసమూహాలకు ఎంత తేడా ఉందో కొలవాలి. ఎత్తు తీశారు, చేతి పొడవు తీశారు. ఎత్తైనవాడికి చేయీ పొడుగే కదా? రెండూ విడివిడిగా లెక్కేస్తే ఒకే తేడాను రెండుసార్లు లెక్కేసినట్టు. ఆ కలగలుపును తీసేసి కొలిచే పద్ధతి ఇది.

శిష్యుడు ఈ పద్ధతి చేతబట్టుకునే బయటి దేశం వెళ్లారు. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన ఎముకల కొలతలను విశ్లేషించడానికి మనిషిని పంపమని కేంబ్రిడ్జి నుంచి అడిగితే, 1946లో ప్రొఫెసర్ రావు గారిని పంపారు. అప్పటికే రావు గారు 1945లో ఒక వ్యాసం అచ్చు వేసి ఉన్నారు. ఒక అంచనా ఎంత బాగా కట్టినా తప్పు ఇంతకంటే తగ్గదు అని హద్దు చెప్పే 'క్రామెర్-రావు' సూత్రం అందులోదే. క్లాసులో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నకు జవాబు వెతుకుతూ పట్టుకున్నది. అలాంటి కుర్రవాణ్ణి ఏ గురువైనా తన దగ్గరే అట్టిపెట్టుకోవాలనుకుంటాడు. ఈయన పంపారు. కేంబ్రిడ్జిలో ఆర్.ఏ. ఫిషర్ దగ్గర పిహెచ్.డి. చేసి, 1948లో రావు గారు మళ్లీ కలకత్తాకే వచ్చారు.

అక్కడి నుంచి వాళ్లది గురుశిష్య బంధం మాత్రమే కాదు, ఒకే బండిని లాగే ఇద్దరి బంధం. ప్రొఫెసర్ ఢిల్లీలో రెండో పంచవర్ష ప్రణాళిక పనిలో ఉంటే, ఇక్కడ పరిశోధన, శిక్షణ రావు గారు చూసుకున్నారు. 1972 జూన్ 28న, 79వ పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు, ప్రొఫెసర్ పోయారు. ఇన్‌స్టిట్యూట్ బాధ్యత రావు గారి మీద పడింది. లండన్ రాయల్ సొసైటీ తన సభ్యుల జీవితచరిత్రలు అచ్చు వేస్తుంది. అందులో మహలనోబిస్ చరిత్ర రాసింది రావు గారే. గురువు బతుకును శిష్యుడు రాసి పెట్టడం కంటే పెద్ద తర్పణం ఏముంది?

నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. నాకు ఆఫీసు పని నేర్పిన హెడ్ క్లర్కు తమిళాయన. ఆయన పోయేదాకా పొంగలుకు వాళ్ల ఇంటికి, ఉగాదికి మా ఇంటికి రాకపోకలు ఉండేవి. మనలో చాలామందికి ఇలాంటి గురువు ఒకరు ఉంటారు, మన భాష కాని మనిషి. మన సంఘం గొప్పవాళ్ల పటాలు గోడకు తగిలిస్తుంది. మంచిదే. రావు గారి పటం పెట్టే రోజు, పక్కన ప్రొఫెసర్ గారి పటం కూడా పెట్టాలని నా మనవి. జూన్ 29, ఆయన పుట్టినరోజు, జాతీయ గణాంక దినోత్సవం. ఆ రోజు మన పిల్లలకు ఇద్దరి కథా కలిపి చెబుదాం.

మీకు పని నేర్పిన పరభాషా గురువు గురించి మీరూ నాలుగు మాటలు రాయండి. తెలుగు లిపి రాకపోతే తమిళంలోనో కన్నడంలోనో రాయండి, ఫరవాలేదు.