షుగరుకు ఆకులు, గింజలు, పొడులు: ఏది ఎంతవరకు పనిచేస్తుంది, డాక్టరుకు ఏ పేరుతో చెప్పాలి

షుగరు ఉన్నవారి ఇంట్లో ఏదో ఒక పొడి డబ్బా ఉండనే ఉంటుంది. పక్కింటివారు చెప్పారనో, అమ్మమ్మ వాడిందనో మొదలుపెడతాం. డాక్టరుకు మాత్రం చెప్పం. ‘ఇది మందు కాదు కదా’ అనుకోవడం ఒక కారణం. హోసూరు, బళ్ళారి, బరంపురం, షోలాపూర్ వంటి చోట్ల ఉన్నవారికి ఇంకో కారణం కూడా ఉంది. మొక్క పేరు మనకు తెలుగులోనే తెలుసు, ఎదుట కూర్చున్న డాక్టరుకు ఆ పేరు తెలియదు. యానాం వారు స్థానిక డాక్టరుకు తెలుగులోనే చెప్పుకోవచ్చు గాని, పుదుచ్చేరి వెళ్తే వారికీ ఇదే ఇబ్బంది.

టైప్ 2 మధుమేహానికి మన ఇళ్లలో ఎక్కువగా వాడే మొక్కల వివరాలు, పొరుగు భాషల్లో వాటి పేర్లు ఇవి.

మెంతులు (తమిళంలో వెందయం, కన్నడంలో మెంత్య, మరాఠీ, ఒడియాల్లో మేథీ): వీటిలోని జిగురు పీచు వల్ల, తిన్న అన్నంలోని చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1990 ప్రాంతంలో జరిపిన పరీక్షల్లో మేలు కనిపించింది. అయితే అక్కడ ఇచ్చిన మోతాదు రోజుకు 25 గ్రాముల నుంచి 100 గ్రాముల దాకా ఉంది. మనం నానబెట్టే చెంచాడు 5 గ్రాములు దాటదు. రక్తం పలచబడే మందు వార్ఫరిన్ వాడేవారు డాక్టరును అడగకుండా మెంతులు ఎక్కువగా తీసుకోకూడదు.

పొడపత్రి (తమిళంలో సిరుకురింజాన్, కన్నడంలో మధునాశిని, డబ్బాల మీద గుడ్‌మార్): ఆకు నమిలాక పంచదార నోట్లో వేసుకుంటే ఇసుకలా ఉంటుంది. అది నాలుక మీద పనిచేసినట్టు మాత్రమే, రక్తంలో చక్కెర తగ్గిందనడానికి రుజువు కాదు. చిన్న పరీక్షల్లో కొంత ఫలితం కనిపించినా, గట్టిగా చెప్పగలిగే పెద్ద పరీక్షలు లేవు.

కాకర (పావక్కాయ్, హాగలకాయి, కార్లే, ఒడియాలో కలరా): కూరగా మంచిదే. మందుగా పనిచేస్తుందనడానికి తగిన ఆధారం లేదని 2012 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. గర్భిణులు రసం, మాత్రలు తీసుకోకూడదు.

నేరేడు (నావల్, నేరళె, జాంభూళ్, జాముకోళి): గింజల పొడి గురించి మనుషుల మీద జరిగిన గట్టి పరీక్షలు తక్కువ. ఆకుల కషాయం బ్రెజిల్‌లో జరిపిన పరీక్షల్లో పనిచేయలేదు.

వేగిస చెక్క (వేంగై, హొన్నె, బిబ్లా): దీనితో చేసిన గ్లాసులో రాత్రి నీళ్లు పోసి ఉదయం తాగుతారు. కొత్తగా షుగరు బయటపడిన 97 మందికి ఐసీఎంఆర్ దీన్ని ఇచ్చి, 67 మందిలో అదుపు వచ్చిందని 1998లో ప్రకటించింది. పోల్చి చూడటానికి మందు ఇవ్వని బృందం అందులో లేదు.

తిప్పతీగ (సీందిల్, అమృతబళ్ళి, గుళవేల్, గుళుచి): దీన్ని వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలను ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. కామెర్లు, కాలేయ జబ్బు ఉన్నవారు దీని జోలికి పోవద్దు.

అసలు ప్రమాదం

గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడుతూ వాటికి పొడులు, రసాలు కలిపితే చక్కెర మరీ పడిపోవచ్చు. చెమట, వణుకు, గుండెదడ, ఆకలి, తికమక దాని గుర్తులు. రీడింగ్ 70 కన్నా తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

దీనికన్నా పెద్ద ముప్పు, పొడిని నమ్మి మాత్రలు మానేయడం. చక్కెర పెరిగినా చాలాకాలం నొప్పి తెలియదు. ఈలోపు కళ్లు, కిడ్నీలు, పాదాల నరాలు దెబ్బతింటాయి. మొక్కల్లో గుణం లేదని కాదు. మెట్‌ఫార్మిన్‌కు మూలం కూడా యూరప్‌లోని గలేగా అనే మొక్కే. కాని ఆ మాత్రకు మోతాదు, పరీక్ష, లెక్క ఉన్నాయి. పొడి డబ్బాకు అవి లేవు.

కొనేముందు

మధుమేహం నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ మాట కనిపిస్తే కొనకండి. ఆయుర్వేద మందుకు తయారీ లైసెన్సు నంబరు, ఆహార పదార్థానికి 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉండాలి. మూలికల పొడుల్లో చెప్పకుండా షుగరు మాత్రలు కలిపిన సంఘటనలు, సీసం దొరికిన సంఘటనలు పలు దేశాల్లో బయటపడ్డాయి. కాబట్టి పేరూ ఊరూ లేని పొట్లం తీసుకోవద్దు.

డాక్టరు దగ్గర

డబ్బానో, ఆకునో వెంట తీసుకెళ్లండి. పేరును ఆ ఊరి భాషలో కాగితం మీద రాయించుకోండి. స్థానిక బడిలో చదివే మనవడో మనవరాలో ఒక్క నిమిషంలో రాసిస్తారు. ఎంత, ఎప్పటి నుంచి వాడుతున్నారో చెప్పండి. డాక్టరు సరేనంటే ఒకసారికి ఒక్కటే వాడి, మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ పరీక్షలో తేడా చూడండి. ఆపరేషన్ ఉంటే ముందే చెప్పండి. డాక్టరు చెప్పనిదే ఉన్న మాత్ర ఒక్కటీ మానకండి.